జిల్లా మన చేతిలో లేకుండా రాష్ట్రం వస్తే ఏం లాభం?

(విశాఖపట్నంలో విద్యార్థులు, ఉద్యోగుల కోసం ఏర్పాటైన రాజకీయ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్తరాంధ్రకు ప్రత్యేక రాష్ట్రం ఎందుకు కావాలో ఈ వేదిక మీద ఇప్పటికే చాలామంది చెప్పారు. వలసల గురించి చెప్పారు, వంశధార నీళ్ల గురించి చెప్పారు, ఉక్కు ఫ్యాక్టరీ గురించి చెప్పారు. వాటిని నేను మళ్లీ చెప్పను. ఈరోజు నేను మాట్లాడే సంగతి అందరూ చిన్నదనుకునేది. అది జిల్లా. జిల్లాను ఎవరు పరిపాలిస్తారు? వాళ్లను ఎవరు ఎన్నుకుంటారు? ఎన్నికైన వాళ్ల చేతిలో ఏముంది, ఎన్నిక కాని వాళ్ల చేతిలో ఏముంది?

హైదరాబాద్ పోయి అమరావతి వచ్చింది. అమరావతి కాదు, విశాఖే పరిపాలనా రాజధాని అని 2020లో చట్టం చేశారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇస్తున్నామన్నప్పుడు మనల్ని అడగలేదు, తీసేస్తున్నామన్నప్పుడూ అడగలేదు. అడగాలన్నా మన తరఫున అధికారంతో మాట్లాడే సభ ఈ జిల్లాల్లో ఏది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన ఉద్యమానికి పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

ఒకే జిల్లాకు రెండు పాలనలు

మన జిల్లాలో రెండు ప్రభుత్వాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి కలెక్టరుది. రెండోది జిల్లా పరిషత్తుది. మొదటిది పైనుంచి కిందికి వచ్చింది. రెండోది కిందినుంచి పైకి రావాల్సింది.

కలెక్టరు వయసు ఓటు వయసు కన్నా చాలా ఎక్కువ. 1794 జులైలో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు కుంపిణీ సైన్యం చేతిలో చనిపోయాడు. ఆ ఏడాదే కుంపిణీ వాళ్లు పాత పాలకమండలిని ఎత్తేసి ఈ ప్రాంతాన్ని కలెక్టర్ల కింద పెట్టారు. పేరులోనే ఉంది కదా, వసూలు చేసేవాడు అని. శిస్తు వసూలు కోసం పుట్టిన పదవి అది. జనానికి జవాబు చెప్పడానికి పుట్టలేదు. తర్వాత 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు వచ్చాయి. వాటికి కూడా మొదట్లో అధ్యక్షుడు కలెక్టరే! 1920 చట్టం తర్వాతే ఎన్నికైన అధ్యక్షులకు దారి దొరికింది.

స్వతంత్రం వచ్చాక బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పంచాయతీరాజ్ పెట్టమంది. దేశంలో రాజస్థాన్ తర్వాత దాన్ని అమలు చేసింది ఆంధ్రప్రదేశే. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. అయితే అప్పుడు కూడా జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలకు అధ్యక్షత కలెక్టరుకే ఇచ్చారు. ముందు గుమ్మంలోంచి కలెక్టరును పంపించి పెరటి గుమ్మంలోంచి లోపలికి పిలిచినట్టయింది.

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితులను రద్దు చేసి మండలాలు పెట్టింది. 1987లో మండలాధ్యక్షుడినీ, జిల్లా పరిషత్తు అధ్యక్షుడినీ జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. జిల్లా మొత్తం ఓటర్లు ఒక మనిషికి ఓటేసి జిల్లా కుర్చీలో కూర్చోబెట్టిన సందర్భం అది. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా చేసిన 1994 పంచాయతీరాజ్ చట్టంతో అధ్యక్షుడి ఎన్నిక మళ్లీ పరోక్షం అయింది.

ఇప్పుడు ఎన్నిక ఎలా జరుగుతుంది?

విద్యార్థి మిత్రులు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. సర్పంచును ఊరు నేరుగా ఎన్నుకుంటుంది, పార్టీ గుర్తు ఉండదు. మూడు నాలుగు వేల జనాభాకు ఒక ఎంపీటీసీ. మండలానికి ఒక జడ్పీటీసీ. ఈ ఇద్దరినీ కూడా ఓటరు నేరుగానే ఎన్నుకుంటాడు, ఇక్కడ మాత్రం పార్టీ గుర్తులు ఉంటాయి. ఎంపీటీసీలు తమలో ఒకరిని మండలాధ్యక్షుడిగా, జడ్పీటీసీలు తమలో ఒకరిని జిల్లా పరిషత్తు అధ్యక్షుడిగా చేతులెత్తి ఎన్నుకుంటారు. పార్టీ విప్ ఉంటుంది. ఎమ్మెల్యేలు, ఎంపీలు జిల్లా పరిషత్తులో కూర్చుంటారు, మాట్లాడతారు. కానీ అధ్యక్షుడి ఎన్నికలో ఓటు మాత్రం జడ్పీటీసీలదే. పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు. ఇద్దరు పిల్లలు దాటితే పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో తీసేశారు. సగం పదవులు మహిళలకు. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు వేరే ఉంటాయి.

ఉమ్మడి విశాఖ జిల్లాలో 39 జడ్పీటీసీ స్థానాలు. 2014లో లాలం భవాని, 2021లో ముంచంగిపుట్టు నుంచి గెలిచిన జల్లి సుభద్ర జిల్లా పరిషత్తు పీఠం ఎక్కారు. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు ఆడవాళ్లు. అందులో ఒకరు పాడేరు దాటి ఒడిశా సరిహద్దున ఉన్న మన్యం మండలం నుంచి వచ్చిన గిరిజన మహిళ. రిజర్వేషన్ లేకపోతే ఈ మాట ఊహకైనా వచ్చేదా? చట్టం మీద ఎన్ని విమర్శలున్నా ఈ మంచిని ఒప్పుకోవాలి.

మరి లోపం ఎక్కడుంది? ఓటరుకూ కుర్చీకీ మధ్య పార్టీ ఆఫీసు కూర్చుంది. జడ్పీటీసీలు చేతులెత్తే రోజుకు ముందే పేరు పైనుంచి సీల్డు కవరులో వస్తుంది. నగరంలోనూ ఇదే కథ. 2021 మార్చిలో 98 వార్డుల వాళ్లం ఓటేసి కార్పొరేటర్లను గెలిపించాం. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసంతో మేయరు మారిపోయారు, అదే నెల 28న కొత్త మేయరు వచ్చారు. ఏ పార్టీ వాళ్లు పోయారు, ఏ పార్టీ వాళ్లు వచ్చారన్నది నాకు ముఖ్యం కాదు. ఆ మార్పులో మీ ఓటు ఎక్కడుంది? మనం ఓటేసిన పార్టీ ఒకటి, చివరికి మేయరును పెట్టిన పార్టీ ఇంకొకటి అయితే, మధ్యలో మనల్ని అడిగింది ఎవరు?

ఎన్నికలు లేని ఏళ్లు

ఇంతకన్నా పెద్ద గాయం ఇంకొకటి ఉంది. అసలు ఎన్నికలే పెట్టకపోవడం.

రాజ్యాంగం 243-ఈ అధికరణం స్పష్టంగా చెప్పింది. పంచాయతీల గడువు ఐదేళ్లు. గడువు ముగిసేలోగా కొత్త ఎన్నికలు పూర్తి కావాలి. ఇందులో 'వీలైతే' అన్న మాట లేదు. మరి మన దగ్గర ఏం జరిగింది? 1994 చట్టం కింద పరిషత్తు ఎన్నికలు జరిగిన ఏళ్లు 1995, 2001, 2006, 2014, 2021. లెక్క మీరే వేయండి. ఐదేళ్లకోసారి పెట్టి ఉంటే 1995 నుంచి 2020 దాకా ఆరు ఎన్నికలు జరగాలి, 2021 నాటికి జరిగినవి ఐదు. 2011లో గడువు ముగిస్తే 2014 దాకా ప్రత్యేకాధికారుల పాలన. 2019లో మళ్లీ గడువు ముగిస్తే 2021 సెప్టెంబరు దాకా మళ్లీ ప్రత్యేకాధికారులే. 2020 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చి కరోనాతో ఆపారు. 2021 ఏప్రిల్ 8న పోలింగ్ పెట్టారు. కోర్టులో పడి పెట్టెలు ఐదు నెలలు తాళం గదుల్లో మగ్గాయి. సెప్టెంబరు 19న లెక్కించారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 126 జడ్పీటీసీ స్థానాల్లో పోటీయే లేకుండా ఏకగ్రీవమని ప్రకటించారు. పోటీ లేని ఎన్నికకు ఓటరు అవసరం ఏముంది?

ఇక విశాఖ నగరం సంగతి చూడండి. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ, 32 ఊళ్లనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ చేశారు. 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు ఎప్పుడు? 2021 మార్చి 10న. తొమ్మిదేళ్లు! ఉత్తరాంధ్రలోనే పెద్ద నగరానికి తొమ్మిదేళ్లు ఎన్నికైన సభ లేదు. ఈ మధ్యలో 2014లో ఒకసారి, 2019లో ఒకసారి అసెంబ్లీ ఎన్నికలు తేదీ తప్పకుండా జరిగాయి. వాళ్ల కుర్చీలకు ఏ అడ్డంకీ రాలేదు.

ఆ తొమ్మిదేళ్లలో ఈ నగరం మీద ఏమేం పడ్డాయో గుర్తుచేసుకుందాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. నగరం నగరమంతా చెట్లు కూలి, కరెంటు పోయి, నీళ్లు లేక అల్లాడింది. వార్డుకు కార్పొరేటరు లేడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జీ. పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది చనిపోయారు. అప్పుడు నగరానికి కౌన్సిలు లేదు, జిల్లాకు పరిషత్తు పాలకవర్గం కూడా లేదు. ఇళ్ల పక్కన ఆ ట్యాంకులు ఎందుకున్నాయని సభలో లేచి అడిగేందుకు ఒక్క స్థానిక ప్రతినిధి లేడు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు ఫ్యాక్టరీని నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ రోజుకీ నగరానికి కౌన్సిలు లేదు, జిల్లాకు పరిషత్తు లేదు.

ఈ మూడు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కౌన్సిలు ఉంటే తుపాను ఆగేదని నేను అనడం లేదు. ఒక తీర్మానంతో ఉక్కు అమ్మకం ఆగిపోయేదనీ అనడం లేదు. కానీ జనం బాధను అధికారికంగా రాసి, చదివి, ఓటుకు పెట్టి, పై ప్రభుత్వాన్ని జవాబు అడిగే చోటు ఒకటి ఉండాలి కదా. ఆ చోటుకు తాళం వేశారు. అందుకే మనకు రోడ్డు ఒక్కటే మిగిలింది. కూర్మన్నపాలెం కూడలిలో టెంటు వేసుకుని కూర్చోవడం ఒక్కటే మిగిలింది.

కుర్చీ ఉంది, పెత్తనం లేదు

సరే, ఎన్నికలు జరిగాయి, అధ్యక్షురాలు వచ్చారు అనుకుందాం. ఆమె చేతిలో ఏముంది? కాగితం మీద చాలా ఉంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. వ్యవసాయం, చిన్న నీటి వనరులు, తాగునీరు, రోడ్లు, బడి, ఆసుపత్రి, స్త్రీ శిశు సంక్షేమం, అన్నీ అందులో ఉన్నాయి. జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలున్నాయి: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. చూడ్డానికి చిన్న మంత్రివర్గంలా ఉంటుంది.

ఆచరణలో చూడండి. మనలో సగం మంది చదివింది జిల్లా పరిషత్తు హైస్కూల్లోనే. బోర్డు మీద పేరు పరిషత్తుది. ఆ బడిలో టీచరు పోస్టు భర్తీ చేసేది, బదిలీ నిబంధన రాసేది రాష్ట్ర ప్రభుత్వం జీవోలు. పరిషత్తును నడిపే ముఖ్య కార్యనిర్వహణాధికారిని వేసేదీ, తీసేదీ రాష్ట్ర ప్రభుత్వమే. అధ్యక్షురాలికి జవాబు చెప్పాల్సిన అధికారి భవిష్యత్తు మరొకరి చేతిలో ఉంటే అతను ఎవరి మాట వింటాడు? ఇక్కడున్న ఉద్యోగ మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు, మీకే బాగా తెలుసు.

జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలని రాజ్యాంగం 243-జెడ్‌డీ అధికరణం చెప్పింది. అందులో ఐదింట నాలుగు వంతుల మందిని పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమలోంచి ఎన్నుకోవాలి. మన రాష్ట్రంలో దాని చట్టం 2005లో వచ్చింది. జిల్లాలో ఏ పేపరు తిరగేసినా ప్రణాళికా సంఘం నిర్ణయం అన్న వార్త ఎన్నిసార్లు చూశారు? ఇన్‌చార్జి మంత్రి సమీక్ష అన్న వార్త ఎన్నిసార్లు చూశారు? జిల్లా ప్రణాళిక ఎక్కడ తయారవుతోందో ఆ రెండు లెక్కలే చెబుతాయి. భూముల మీద పెత్తనం చూద్దామంటే 1978లో వుడా వచ్చింది, 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. దాని అధ్యక్షుడిని వేసేది ప్రభుత్వం, మన ఓటుతో పనిలేదు.

డబ్బు సంగతి కూడా ఇంతే. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 దాకా తన గ్రాంటును గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. మండల, జిల్లా పరిషత్తులకు ఆ ఐదేళ్లూ ఏమీ రాలేదు. పదిహేనో ఆర్థిక సంఘం మళ్లీ మూడంచెలకూ ఇచ్చింది. అధికారం లేని సభకు నిధి కూడా లేకపోతే మిగిలేది కారు, గది, సన్మానం శాలువా.

మన్యం నేర్పిన పాఠం

ఇలా చెబితే నిరాశ పుడుతుంది. అందుకని ఒక మంచి మాట కూడా చెప్పాలి. స్థానిక హక్కును గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో మన మన్యమే దేశానికి చూపించింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, ప్రభుత్వం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది అంది. ఆ తీర్పుకు ఒక ఏడాది ముందు, 1996లో, పీసా చట్టం వచ్చి గ్రామసభకు బలం ఇచ్చింది. 2015లో జెర్రెల బాక్సైటు కోసం అటవీ భూమి ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. గిరిజన పల్లెలు లేచి నిలబడ్డాయి. ఆ జీవో చివరికి నిలవలేదు. అక్కడి వాళ్లకు అసెంబ్లీలో బలం ఉందా? లేదు. కాళ్ల కింద చట్టం ఉంది, చుట్టూ గ్రామసభ ఉంది.

పక్క దేశం, పక్క రాష్ట్రం

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ జిల్లాలాంటిది కౌంటీ. లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా దాదాపు కోటి. మన ఉమ్మడి విశాఖ జిల్లా 2011 లెక్కల్లో సుమారు 43 లక్షలు. ఆ కౌంటీని నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యే ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు నడుపుతూ వచ్చింది. పోలీసు పని చూసే షెరీఫ్‌నీ, ఆస్తి విలువ కట్టే అసెసర్‌నీ, ప్రాసిక్యూటర్‌నీ కూడా జనమే ఎన్నుకుంటారు. ఐదుగురు చాలరని 2024 నవంబరులో అక్కడి ఓటర్లే బ్యాలెట్ మీద ఓటేసి బోర్డును తొమ్మిదికి పెంచుకునేందుకు నిర్ణయించారు. అక్కడ అంతా స్వర్గమని కాదు, డబ్బు రాజకీయం అక్కడా ఉంది. కానీ తమ జిల్లా ఎలా ఉండాలో తామే ఓటేసి మార్చుకున్నారు. మనకు 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేశారు. విశాఖ మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. అభ్యంతరాలు చెప్పమన్నారు తప్ప ఓటు అడగలేదు.

ఇంకో వింత చూడండి. జిల్లాలు మారినా అప్పుడు జిల్లా పరిషత్తులు మాత్రం పాత పదమూడే ఉంచారు. కలెక్టర్లు ముగ్గురు, పరిషత్తు ఒకటి. పాడేరులో కలెక్టరు ఉన్నాడు, పరిషత్తు మాత్రం విశాఖలో. కలెక్టరు ఆఫీసు ఊరికి దగ్గరగా వెళ్లింది, ఎన్నికైన సభ దూరంగానే ఉండిపోయింది. పరిషత్తును కూడా అలాగే ముక్కలు చేద్దామంటే కొత్త విశాఖ జిల్లాలో ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి లాంటి గ్రామీణ మండలాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అంత చిన్న పరిషత్తు ఎవరితో పోట్లాడగలదు? జిల్లాను గీసేటప్పుడు పరిషత్తు గురించి ఎవరూ ఆలోచించలేదనడానికి ఇదే సాక్ష్యం.

తెలంగాణ మనకు గురువు. ఆ పోరాటానికి దండం పెట్టాల్సిందే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆ 2019లోనే ఎన్నికైన జిల్లా పరిషత్తుల గడువు 2024 జులైలో ముగిసింది. గడువులోగా ఎన్నికలు జరగలేదు. సొంత రాష్ట్రంలో కూడా ప్రత్యేకాధికారులే వచ్చారు! దీన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. రాష్ట్రం వస్తే జిల్లా దానంతటదే మన చేతికి వస్తుందనుకుంటే పొరపాటని చెబుతున్నాను. రాజధాని దగ్గరైనంత మాత్రాన అధికారం దగ్గరవదు. అమరావతిలో కూర్చునే పెత్తనం రేపు రుషికొండ మీద కూర్చుంటే శ్రీకాకుళం రైతుకి ఏటి లాభం? ముంచంగిపుట్టు అమ్మకి ఏటి లాభం?

మన డిమాండు ఎలా ఉండాలి?

రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని ఇచ్చేది పార్లమెంటు. ఆ పోరాటం పొడుగైనది, అది సాగుతూనే ఉంటుంది. కానీ జిల్లా పరిషత్తుల చట్టం రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంది, ఈరోజే అడగొచ్చు. కాబట్టి మన డిమాండు పత్రంలో రాష్ట్రం పక్కనే ఈ ఐదూ చేరాలి.

ఒకటి, గడువు ముగిసే రోజుకు కొత్త పాలకవర్గం ఉండి తీరాలి. 2021 సెప్టెంబరులో వచ్చిన పరిషత్తుల ఐదేళ్ల లెక్క 2026 సెప్టెంబరుకు పూర్తవుతుంది. ఆ తేదీని గోడ మీద రాసుకోండి. రెండు, జిల్లా పరిషత్తు అధ్యక్షుడినీ, మేయరునూ 1987లోలాగా ఓటరే నేరుగా ఎన్నుకోవాలి. మూడు, పరిషత్తు ముఖ్య అధికారి పనితీరు నివేదిక రాసే హక్కు అధ్యక్షుడికి ఉండాలి. నాలుగు, జిల్లా ప్రణాళికా సంఘం ఆమోదం లేకుండా జిల్లాలో ఏ పెద్ద పరిశ్రమకూ, ఏ భూసేకరణకూ అనుమతి ఉండకూడదు. ఐదు, మన్యంలో గ్రామసభ 'వద్దు' అంటే అది వద్దే.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీ మండలం జడ్పీటీసీ ఎవరో తెలుసుకోండి. జిల్లా పరిషత్తు సమావేశాల మినిట్స్ సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకోండి. మీ ఊరి పేరు ఆ కాగితాల్లో ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఉద్యోగులకు ఒక పని. ఏ ఫైలు జిల్లాలో తేలగలిగి ఉండీ రాజధానికి పోతోందో మీకే తెలుసు. నిబంధనలకు లోబడే, సంఘాల తరఫున ఆ జాబితా తయారు చేయండి. ఆ జాబితా కన్నా గట్టి ఉద్యమ కరపత్రం ఉండదు.

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో జనం ప్రాణాలిచ్చి నిలబడితే ఉక్కు వచ్చింది. వచ్చిన ఉక్కు మీద మాట చెల్లించుకునే అధికారం మాత్రం మన జిల్లాకు రాలేదు. అందుకే 2021లో మళ్లీ మొదటినుంచి పోరాడాల్సి వచ్చింది. రేపు వచ్చే రాష్ట్రం విషయంలో కూడా అదే జరగకూడదు. రాష్ట్రం కావాలి. ఆ రాష్ట్రంలో జిల్లా జనానిది కావాలి. ఈ రెండు మాటలూ ఇకమీదట మన సభల్లో కలిపే పలకాలి.

జై ఉత్తరాంధ్ర!